పిన్ దొరకనప్పుడు



స్మారకోపన్యాసానికి విశాలమైన అంశం తీసుకోవడం ఆనవాయితీ. నేను తీసుకున్నది చాలా చిన్నది. లినక్స్ కెర్నల్‌లో ఒక డ్రైవర్ తనకు కావలసిన పిన్‌ను ఎలా అడిగి తీసుకోవాలి? ఆ అడిగే పద్ధతిని ఎవరైనా కొత్తగా ప్రతిపాదిస్తే, రివ్యూ చేసేవాళ్ళు ముందు ఏం చూడాలి? మా మాస్టారి పేరిట జరిగే సభలో ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం ఉంది. ఆయన మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో 8085 కిట్‌కి 8255 చిప్ తగిలించి, దాని మూడు పోర్టులు, 24 లైన్లు, కంట్రోల్ వర్డ్ విడమరచి చెప్పి, ఎల్‌ఈడీ వెలిగించేదాకా మమ్మల్ని వదిలేవారు కాదు. వెలిగాక కూడా వదిలేవారు కాదు. అదే ఎల్‌ఈడీ వెలగకపోయుంటే కారణాలు ఏమేమి ఉండొచ్చో, ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో ఒక్కొక్కరి చేత చెప్పించేవారు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ రెండో సగం పాఠం గురించే.

ఈ రంగంతో పరిచయం లేనివారి కోసం కాస్త నేపథ్యం. ఫోన్‌లోనో సెట్‌టాప్ బాక్స్‌లోనో ఉండే ప్రధాన చిప్‌కి, ఏ పనికైనా వాడుకోగల పిన్‌లు పదుల సంఖ్యలో ఉంటాయి. వాటినే జీపీఐఓ అంటాం. పిన్ మీద వోల్టేజీ పెంచవచ్చు, దించవచ్చు, బయటి నుంచి వచ్చిన వోల్టేజీ ఎక్కువో తక్కువో చదవవచ్చు. టచ్ ప్యానెల్‌ని రీసెట్ చేయడం, కెమెరాకి కరెంటు ఇవ్వడం, మెమరీ కార్డు పెట్టారో లేదో కనిపెట్టడం ఇలాంటి పిన్‌ల మీదే నడుస్తాయి. ఏ పిన్ దేనికన్నది చిప్ తయారుచేసినవాళ్ళు నిర్ణయించరు, బోర్డు డిజైన్ చేసినవాళ్ళు నిర్ణయిస్తారు. ఒకే టచ్ ప్యానెల్ రీసెట్ లైను ఒక బోర్డులో ప్రధాన చిప్ 17వ పిన్‌కి వెళ్తుంది. మరో బోర్డులో ఐ2సీ బస్సు మీద ఉన్న చిన్న ఎక్స్‌పాండర్ చిప్ మూడో పిన్‌కి వెళ్తుంది. డ్రైవర్ మాత్రం రెండు బోర్డులకూ ఒక్కటే. అది తన పిన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. మా ల్యాబ్‌లో ఆ అవసరమే రాలేదు. ఒకే కిట్, ఒకే 8255, పోర్టు అడ్రసు మాన్యువల్‌లోనే అచ్చయి ఉండేది.

లినక్స్‌లో ఒకప్పుడు ప్రతి చిప్ కుటుంబానికీ సొంత పిన్ ఫంక్షన్లు ఉండేవి. 2007లో, కెర్నల్ 2.6.21తో, అందరికీ ఉమ్మడిగా ఉండే ఫంక్షన్లు వచ్చాయి. 2008లో, 2.6.25తో, వాటి వెనక జీపీఐఓలిబ్ అనే ఉమ్మడి అమలు వచ్చింది. రెండూ డేవిడ్ బ్రౌనెల్ పనే. కెర్నల్‌లో ఎస్‌పీఐ విభాగం, యూఎస్‌బీ గాడ్జెట్ విభాగం కూడా ఆయన చేతి మీదుగా వచ్చినవే. 2011లో ఆయన కన్నుమూశారు. తర్వాతివాళ్ళు ఆయన ఇంటర్‌ఫేస్‌ని మార్చారు. అయినా దానికి ముందున్న గందరగోళం చూసినవాళ్ళు ఆయన చేసిన మేలు మరిచిపోరు. ఒక గురువు స్మృతిలో మాట్లాడుతున్న ఈ వేదిక మీద ఆయనకూ నమస్కరించడం నా ధర్మం.

ఆ ఇంటర్‌ఫేస్‌లో పిన్ అంటే ఒక పూర్ణాంకం. కెర్నల్ మొత్తానికి ఒకే సంఖ్యల వరుస, అందులో ప్రతి చిప్‌కీ కొంత భాగం. తేలికైన పద్ధతి, వేగమైనది, చిన్న చిప్‌లకు కూడా భారం కానిది. ఆనాటికి సరైనదే. అయితే ఆ సంఖ్య అర్థం మరెవరో నిర్ణయించిన వరుస మీద ఆధారపడి ఉంటుంది.

మీ కాలేజీ ల్యాబుల్లో ఉన్న రాస్ప్‌బెర్రీ పైనే చూడండి. బోర్డు అంచున ఉన్న రెండు వరుసల పిన్‌లలో 11వది బ్రాడ్‌కామ్ చిప్ లెక్కలో 17వ జీపీఐఓ. చాలా ఏళ్ళ పాటు కెర్నల్ ఉమ్మడి వరుసలో కూడా దాని సంఖ్య 17గానే ఉంది, ఎందుకంటే ఆ చిప్ భాగం సున్నా నుంచి మొదలయ్యేది. 17 అని రాసుకున్న స్క్రిప్టులు లెక్కలేనన్ని. కెర్నల్ 6.6కి వచ్చేసరికి, మొదలు సంఖ్య ప్రత్యేకంగా కోరని చిప్‌లకి కెర్నల్ 512 నుంచి పైకి ఇవ్వడం వల్ల, అదే పిన్ 529 అయింది. పిన్‌ని ఫైలులా చూపే పాత సిస్‌ఎఫ్‌ఎస్ దారిలో 17 అడిగిన స్క్రిప్టులన్నీ ఆగిపోయాయి. తీగ కదల్లేదు, బోర్డు మారలేదు, చిప్ మారలేదు. అయినా స్క్రిప్టు రాసినవాళ్ళని తప్పు పట్టలేం. సంఖ్యే చిరునామా అని ఇంటర్‌ఫేస్ వాళ్ళకి నేర్పింది.

సున్నాది అంతకంటే లోతైన చిక్కు. పాత బోర్డు ఫైళ్ళలో ప్రతి పరికరానికీ ఒక స్ట్రక్చర్ నింపేవాళ్ళం. అందులో రీసెట్ పిన్ సంఖ్య ఒక గడి. సీ భాషలో నింపకుండా వదిలిన గడిలో సున్నా ఉంటుంది. సున్నా కూడా చెల్లుబాటయ్యే పిన్ సంఖ్యే. ఈ బోర్డులో రీసెట్ పిన్ లేదు అని చెప్పాలంటే ఆ గడిలో ప్రత్యేకంగా ఒక రుణ సంఖ్య రాయాలి. మరిచిపోతే డ్రైవర్ వెళ్ళి సున్నా పిన్‌ని కదుపుతుంది, దానికి ఏ పరికరం తగిలి ఉంటే అది రీసెట్ అవుతుంది. చెల్లుబాటును చూసే ఫంక్షన్ కూడా సంఖ్య పరిధిలో ఉందా లేదా అని మాత్రమే చూసేది. ఆ సంఖ్య వెనక నిజంగా చిప్ ఉందా అన్నది దానికి పట్టదు. లేదు అని చెప్పడానికి సహజమైన దారి లేని ఇంటర్‌ఫేస్ అది. నా దృష్టిలో దాని అసలు లోపం ఇదే. సంఖ్యలు మారిపోవడం ఆ తర్వాతి సంగతి.

అలెగ్జాండర్ కూర్బో ప్రతిపాదించిన డిస్క్రిప్టర్ ఇంటర్‌ఫేస్ 2014 జనవరిలో వచ్చిన కెర్నల్ 3.13లో చేరింది. అప్పుడు జీపీఐఓ విభాగానికి మెయింటెయినర్ లైనస్ వాలై. ఇక డ్రైవర్ సంఖ్య అడగదు. నేను ఫలానా పరికరాన్ని, నాకు రీసెట్ పిన్ కావాలి అంటుంది. జవాబుగా లోపల ఏముందో కనిపించని ఒక డిస్క్రిప్టర్ వస్తుంది. దానికి ఒకటి కలిపి పక్క పిన్ పట్టుకోవడం కుదరదు. జవాబు బోర్డులో ఏది ఎక్కడుందో వర్ణించే డివైస్ ట్రీలో ఉండవచ్చు, పీసీలలోలా ఏసీపీఐ పట్టికల్లో ఉండవచ్చు, పాతకాలపు బోర్డు ఫైల్లో రాసిన లుకప్ టేబుల్‌లో ఉండవచ్చు. ఎక్కడ దొరికిందో డ్రైవర్‌కి తెలియదు, తెలియాల్సిన పని లేదు.

ఇలాంటి ప్రతిపాదన రివ్యూకి వస్తే చాలామంది ముందు పిన్ దొరికే దారిని చదువుతారు. పేరు ఇచ్చాం, పట్టికలో వెతికింది, డిస్క్రిప్టర్ ఇచ్చింది, బాగుంది అనుకుంటారు. ఆ దారిని రాసినవారే పరీక్షించి ఉంటారు. లేకపోతే ప్యాచ్ పంపేవారే కాదు. రివ్యూ చేసేవారి సమయమంతా పిన్ దొరకని దారుల మీద పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. వెతికిపెట్టే ఇంటర్‌ఫేస్ ఎన్ని రకాలుగా లేదు అంటుంది, ఆ లేదు విన్న డ్రైవర్ ఏం చేస్తుంది, అక్కడే దాని గుణం తెలుస్తుంది.

మందుల షాపుకి వెళ్ళి ఒక మందు అడిగితే, మేము ఆ మందు పెట్టం అనొచ్చు. సాయంత్రం స్టాకు వస్తుంది, అప్పుడు రండి అనొచ్చు. ఉన్న ఒక్క సీసా వేరేవాళ్ళకి తీసిపెట్టాం అనొచ్చు. మూడింటికీ మనం చేయాల్సిన పని వేరు. కెర్నల్‌లోనూ అంతే. ఈ బోర్డులో ఆ పిన్ అసలు లేదు అనేదానికి ఈనోఎంట్ అనే ఎర్రర్ కోడ్. ఆ పిన్ ఉన్న చిప్ డ్రైవర్ ఇంకా లేవలేదు, తర్వాత మళ్ళీ ప్రయత్నించు అనేదానికి ఈప్రోబ్ డిఫర్. మరో డ్రైవర్ ఇప్పటికే పట్టుకుంది అనేదానికి ఈబిజీ. రీసెట్ పిన్ లేకపోయినా పరికరం నడుస్తుంది అనుకుంటే, ఐచ్ఛికంగా అడిగే ఫంక్షన్ వేరే ఉంది. పిన్ అసలు లేనప్పుడు అది ఎర్రర్ బదులు నల్ అనే ఖాళీ పాయింటర్ ఇస్తుంది. ఆ నల్‌ని పిన్ కదిపే ఫంక్షన్లకి ఇస్తే అవి ఏమీ చేయకుండా తిరిగొస్తాయి. డ్రైవర్ అంతటా ఉందా లేదా అన్న పరీక్షలు రాయనక్కర్లేదు. ఇది నాకు చాలా ఇష్టమైన నిర్ణయం.

కానీ ఈ మూడు జవాబుల్నీ ఒకే గాటన కట్టే కోడ్ రోజూ రివ్యూకి వస్తుంది. ఏ ఎర్రర్ వచ్చినా డిస్క్రిప్టర్‌ని నల్ చేసి ముందుకు పోయే డ్రైవర్ ఉంటుంది. ఎక్స్‌పాండర్ చిప్ అర సెకను ఆలస్యంగా లేస్తే, దానికి వచ్చిన తర్వాత రమ్మనే జవాబు అసలు లేదుగా మారిపోతుంది. పరికరం ఎప్పటికీ రీసెట్ కాదు. అదీ కొన్ని బూట్‌లలోనే. అలాంటి లోపాన్ని పట్టుకోవడానికి ఎన్ని రాత్రులు పడతాయో ఈ పని చేసినవాళ్ళకే తెలుసు. ఇంకో రకం కూడా ఉంది. ఎర్రర్ అయినా, నల్ అయినా ఒకే షరతులో పట్టుకుని, ఆ పాయింటర్‌లోని ఎర్రర్ కోడ్‌ని తిరిగి ఇస్తారు. నల్ నుంచి తీసిన ఎర్రర్ కోడ్ సున్నా. కెర్నల్‌లో సున్నా అంటే విజయం. విఫలమైన ప్రోబ్, అంటే డ్రైవర్ తన పరికరాన్ని లేపే ప్రయత్నం, విజయవంతమైనట్టు నమోదవుతుంది. 2020లో వచ్చిన డెవ్ ఎర్ర్ ప్రోబ్ అనే సహాయక ఫంక్షన్, తర్వాత రమ్మన్నప్పుడు లాగ్‌లో ఎర్రర్‌గా చూపకుండా, నిజమైన లోపాన్ని మాత్రమే ఎర్రర్‌గా చూపుతుంది. చిన్న ఫంక్షనే అయినా వందల డ్రైవర్లలో ఈ తేడాను అది నిలబెట్టింది.

ఇప్పుడు లుకప్ టేబుల్‌లోని ఒక వరుసను దగ్గరగా చూద్దాం. అందులో పిన్ ఉన్న చిప్ లేబుల్ ఒక గడి. ఆ చిప్‌లో ఎన్నో పిన్ అన్నది రెండో గడి. డ్రైవర్ అడిగే పేరు, ఉదాహరణకి రీసెట్, మూడోది. ఆ తర్వాత క్రమసంఖ్య, వోల్టేజీ పెంచితే పనిచేస్తుందా దించితే పనిచేస్తుందా అనే ధ్రువత గురించి ఫ్లాగులు. లేబుల్‌లో ఒక అక్షరం తప్పు పడిందనుకోండి. టేబుల్‌లో ఆ వరుస ఉంది కాబట్టి, ఆ పేరుగల చిప్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని కెర్నల్ అనుకుంటుంది. తర్వాత రమ్మంటుంది. ఆ చిప్ ఎన్నటికీ రాదు, డ్రైవర్ ఎన్నటికీ లేవదు. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో వాయిదా పడ్డ పరికరాల జాబితా తెరిస్తేగాని సంగతి బయటపడదు. అదే వరుసలో చిప్ లేబుల్ సరిగ్గా ఉండి, పిన్ పేరులో ఒక అక్షరం తప్పు పడిందనుకోండి. అప్పుడు జవాబు అసలు లేదు. డ్రైవర్ ఐచ్ఛికంగా అడిగి ఉంటే నల్ వస్తుంది, ఏ సందేశమూ లేకుండా పరికరం రీసెట్ లేకుండానే నడుస్తుంది. ఒకే వరుస, ఒకే రకం అక్షరదోషం, రెండు వేర్వేరు మౌనాలు. కంపైలర్ ఈ రెండింటిలో దేన్నీ పట్టుకోదు. కొత్త లుకప్ పద్ధతి ఎవరు ప్రతిపాదించినా నేను ముందు ఈ రెండు అక్షరదోషాలూ చేసి చూస్తాను. రెండింటికీ గట్టిగా అరిచే పద్ధతి అయితే మిగతా లోపాలు తర్వాత సర్దుకోవచ్చు.

ఏసీపీఐ విషయంలో కెర్నల్ తీసుకున్న నిర్ణయం కూడా ఇక్కడే చెప్పాలి. ఏసీపీఐలో ఒక పరికరం వనరుల జాబితాలో పిన్‌లు వరుసగా ఉంటాయి గాని, వాటికి పేర్లు ఉండవు. పేర్లు పెట్టే వీలు 2014లో వచ్చిన ఏసీపీఐ 5.1తో కలిగింది. అంతకుముందటి యంత్రాల్లో డ్రైవర్ రీసెట్ అని పేరుతో అడిగితే ఏం చేయాలి? జాబితాలో మొదటి పిన్ ఇచ్చేస్తే చాలాసార్లు సరిపోతుంది. కానీ సరిపోని యంత్రంలో అది పవర్ పిన్ కావచ్చు. పేరుకీ జాబితాకీ సంబంధం తెలియనప్పుడు కెర్నల్ ఊహించదు. లేదు అంటుంది. ఈ పరికరంలో మొదటి పిన్ రీసెట్, రెండోది పవర్ అని డ్రైవర్ రాసినవారే ఒక మ్యాపింగ్ పట్టికగా చెప్పాలి. ఆ యంత్రం గురించి తెలిసినవారి మీద బాధ్యత పెట్టడం సరైన పని. అదనంగా రాయాల్సి వస్తోందని విసుక్కునే డ్రైవర్ రచయితలకి నేను ఇదే చెబుతాను.

కాన్ఫిగరేషన్‌లో జీపీఐఓలిబ్‌నే తీసేస్తే ఐచ్ఛిక ఫంక్షన్ ఏం ఇవ్వాలి? మొదట ఈనోసిస్ అనే ఎర్రర్ ఇచ్చేది. తర్వాత నల్ ఇచ్చేలా మార్చారు. పిన్‌లే లేని యంత్రంలో డ్రైవర్ అనవసరంగా ఆగిపోకూడదన్నది ఒక వాదన. పిన్ ఉండి కూడా కెర్నల్‌కి దాన్ని చూసే శక్తి లేనప్పుడు లేదు అనడం అబద్ధమన్నది రెండో వాదన. నేను రెండో వైపే ఉంటాను. తెలియదు అన్నదాన్ని లేదు కింద జమకట్టడం నాకు ఒప్పు కాదు. అయితే మొదటి వాదన వినిపించినవాళ్ళు నిజంగా నడుస్తున్న యంత్రాల్ని దృష్టిలో పెట్టుకున్నారు. అది కూడా మర్యాద ఇవ్వాల్సిన కారణమే.

ధ్రువత గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఎక్కువ బోర్డులు దెబ్బతిన్నది ఇక్కడే. రీసెట్ లైన్లు సాధారణంగా యాక్టివ్ లో. అంటే వోల్టేజీ దించితే చిప్ రీసెట్‌లో ఉంటుంది, పెంచితే నడుస్తుంది. పాత పద్ధతిలో డ్రైవర్ రచయిత డేటాషీట్ చూసి, ముందు సున్నా, తర్వాత ఒకటి అని నేరుగా రాసేవారు. డివైస్ ట్రీలో రీసెట్ పిన్ పక్కన ధ్రువత చెప్పే ఫ్లాగు ఉన్నా, ఆ డ్రైవర్లలో చాలావాటికి దాన్ని చదివే అలవాటు లేదు. ఎవరూ చదవని గడిలో ఏది రాసినా బోర్డు నడుస్తుంది. అందుకని ఎన్నో బోర్డుల ఫైళ్ళలో యాక్టివ్ హై అని తప్పుగానే ఉండిపోయింది. డిస్క్రిప్టర్ పద్ధతిలో డ్రైవర్ రీసెట్ పెట్టు అంటుంది, తియ్యి అంటుంది. వోల్టేజీ దించడమా పెంచడమా అన్నది ఫ్లాగు చూసి జీపీఐఓలిబ్ తేలుస్తుంది. డ్రైవర్‌ని శుభ్రంగా కొత్త పద్ధతికి మార్చారనుకోండి. నిన్నటిదాకా ఎవరూ చూడని తప్పు ఫ్లాగు ఇవాళ అమల్లోకి వస్తుంది. రీసెట్ తియ్యి అనగానే లైను కిందికి దిగుతుంది, చిప్ శాశ్వతంగా రీసెట్‌లోనే ఉండిపోతుంది. ప్యాచ్‌లో ఒక్క పంక్తి కూడా తప్పు లేదు. అయినా తెర నల్లగా ఉంటుంది.

అప్పుడు బోర్డు ఫైలు దిద్దితే సరిపోతుందిగా అంటారు. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, వాటికి స్థిరత్వం హామీ లేదు. డివైస్ ట్రీ అలా కాదు. పాత డివైస్ ట్రీతో అమ్మేసిన పరికరం మీద కొత్త కెర్నల్ నడవాలి. ఫ్యాక్టరీలో ఫ్లాష్ చేసిన తప్పు ఫ్లాగు ఇక ఒప్పందంలో భాగమే. అందుకే జీపీఐఓలిబ్‌లో డివైస్ ట్రీని చదివే సోర్స్ ఫైల్లో ఇలాంటి పాత తప్పులకు ప్రత్యేకంగా ఒక పట్టిక ఉంది. హైమాక్స్ అనే తెర కంట్రోలర్ల వరుస చూడండి. వాటి పాత వర్ణనలో రీసెట్ పిన్ ప్రాపర్టీ పేరే తలకిందులుగా, జీపీఐఓస్-రీసెట్ అని ఉంది. ధ్రువత కూడా తప్పే. కెర్నల్ ఆ పేరును గుర్తించి, ధ్రువతను తిప్పి, డ్రైవర్‌కి మామూలు రీసెట్ పిన్‌లా అందిస్తుంది. తప్పు భారం ఒకేచోట మోయడం, డ్రైవర్లకి అది అంటకుండా చూడడం మంచి నిర్ణయం. కానీ ఆ పట్టికలోని ప్రతి వరుసా ఏదో ఒక రోజు సరైన రివ్యూ జరగకపోవడం వల్ల వచ్చిందే.

కొత్త డివైస్ ట్రీ వర్ణనల్లో పేరు చివర జీపీఐఓస్ అని బహువచనమే ఉండాలనీ, ఏకవచనం పాతవాటికి మాత్రమే చెల్లుతుందనీ పట్టుబట్టేది కూడా ఇందుకే. అది పట్టింపుగా కనిపించవచ్చు. ఒకసారి అచ్చయిన పేరును పదేళ్ళు మోయాలి కాబట్టి ఆ పట్టింపు అవసరం.

దొరికిన పిన్ మధ్యలో పోవడం మరో సంగతి. యూఎస్‌బీ మీద వేలాడే ఎక్స్‌పాండర్‌ని ఎవరైనా ఊడదీస్తే డ్రైవర్ చేతిలోని డిస్క్రిప్టర్ ఏమవుతుంది? బార్టోష్ గోలాషెవ్స్కీ ఆ లోపలి భాగాన్ని తిరిగి రాసిన మార్పులు 2024లో కెర్నల్ 6.9లో చేరాయి. చిప్ పోయిందని ఎర్రర్ చెప్పి కెర్నల్ నిలబడాలి, కూలిపోకూడదు అన్నది వాటి లక్ష్యం. లేదు అని చెప్పే దారి దొరికిన తర్వాత కూడా తెరిచి ఉండాలని ఆ పని గుర్తించింది.

మాస్టారి విద్యార్థులు ఇవాళ హైదరాబాద్, బెంగళూరు చిప్ డిజైన్ కేంద్రాల్లో, దేశం బయట కూడా, ఇలాంటి డ్రైవర్లే రాస్తున్నారు. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో కొందరు రేపు అదే పనిలో చేరతారు. మీకు నాదొక అభ్యర్థన. పాత పూర్ణాంక పద్ధతిని పూర్తిగా తీసేసే పని ఇంకా ముగియలేదు. కెర్నల్‌లో డ్రైవర్స్ కింద జీపీఐఓ అనే డైరెక్టరీలో టూడూ అన్న ఫైలు ఉంది, మిగిలిన పని అందులో రాసిపెట్టారు. ఇంకా పాత హెడర్ వాడుతున్న ఒక డ్రైవర్‌ని ఎంచుకోండి. మార్చే ముందు ఆ పరికరాన్ని వాడే డివైస్ ట్రీ ఫైళ్ళన్నీ తెరిచి, ప్రతిదానిలో ధ్రువత ఫ్లాగు ఏముందో, స్కీమాటిక్ దొరికితే అందులో ఏముందో పక్కపక్కన పెట్టి చూడండి. పిన్ లేకపోతే, ఆలస్యమైతే, ఇంకెవరో పట్టుకుని ఉంటే మీ డ్రైవర్ ఏం చేస్తుందో ఒక్కొక్కటిగా చేసి చూడండి. ఏ బోర్డు మీద పరీక్షించారో ప్యాచ్ వివరణలో రాయండి. బోర్డు మీ దగ్గర లేకపోతే ఆ మాట కూడా అందులోనే రాయండి, ఆ బోర్డు ఉన్నవాళ్ళు పరీక్షించి చెబుతారు.